గాజు వెనక ఎండ

మూడో అంతస్తు, వెనక వాటా
చలి తగ్గుతున్న రోజులు

అమ్మడూ,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని మొహం చిట్లించకు. ఫోన్ చేస్తే మీ అమ్మ పక్కనే వచ్చి కూర్చుంటారు. నేను ఒక మాట అంటే ఆవిడ అందులో రెండు సర్దుతారు, ఒకటి కొట్టేస్తారు. రోజంతా ఎవరెవరి పుస్తకాల్లోనో అచ్చుతప్పులు దిద్దేదాన్ని, ఇంట్లో నా మాటలు దిద్దించుకుంటూ కూర్చోవడం నావల్ల కాదు. కాగితం మీదయితే నా వాక్యం నేనే ముగించుకుంటాను.

సంగతి పిచ్చుక గురించి. నువ్వు పెట్టిన ముద్దుపేరు ఎంత బాగా అతికిందంటే దాని అసలు పేరు మేమే మరిచిపోయేలా ఉన్నాం. నీ మేనకోడలికి ఏడాదిన్నర కావస్తోంది, ఇంకా నిలబడదు. కూర్చోబెడితే కూర్చుంటుంది, లేపితే ఏడుస్తుంది. చంకల కింద చేతులు వేసి ఎత్తినా ఏడుపే. పాలు తాగేటప్పుడు తలంతా చెమట పట్టి దిండు తడిసిపోతుంది. రెండు కాళ్ళూ కలిపి పెడితే మధ్యలో నా పిడికిలి పడుతుంది. అచ్చం బ్రాకెట్ గుర్తుల్లా ఉన్నాయి.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో తీర్పు. మీ వంశమే నిదానం, మీ అన్నయ్య కూడా ఆలస్యంగానే నడిచాడు అంటారు అత్తయ్య. పిల్లకి బద్ధకం, అది తల్లి పోలిక అంటాడు మీ అన్నయ్య. కింద వాటా పంతులమ్మ గారు చెప్పారని చక్రాల బండి కొని తెచ్చాడు. అది అందులో కూర్చుని గోడకేసి చూస్తోంది తప్ప కాలు కదపదు. వీధి చివర డాక్టరు ఆకలికని ఏదో టానిక్ రాశాడు. పెరిగింది దాని ఆకలి కాదు, గిన్నెలో మిగిలింది తిని తిని నేను.

నువ్వు కాళ్ళూ చేతులూ సరిచేసే చదువు చదివావు. ఇది నా భయమా, నిజంగా ఏమైనా ఉందా, చెప్పు.

వదిన


ఆసుపత్రి క్వార్టర్స్, మెట్ల పక్క గది

వదినా,

ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా ఎలా ఉండబట్టింది నీకు? పోనీ నువ్వు మొహమాటస్థురాలివి. అన్నయ్యకేమైంది? వారం వారం ఫోన్ చేసి కొట్లో కొత్తగా దించిన గాజు గురించి అరగంట చెబుతాడు. కూతురి కాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

ముందు ఆ చక్రాల బండి తీసి అటక మీద పడెయ్యి. నిలబడలేని పిల్లని బండిలో పెట్టడమేమిటో నాకు అర్థం కాదు.

తల చెమటలు, ఎత్తితే నొప్పి, వంగిన కాళ్ళు. మణికట్లు కూడా లావుగా ఉన్నాయా చూడు. బొద్దుగా ముద్దొస్తున్నాయని అమ్మ మురిసిపోతూ ఉంటుంది, నాకు తెలుసు. అది ముద్దు కాదు వదినా, ఎముక గట్టిపడక ఉబ్బడం. నేను చూడకుండా తేల్చి చెప్పకూడదు గానీ, నా అనుమానం డి విటమిన్ మీద ఉంది. అది లేకపోతే పిల్లకి ఎన్ని పాలు పట్టినా అందులోని కాల్షియం పేగుల్లోంచి ఒంట్లోకి ఎక్కదు. వచ్చిన దారినే పోతుంది. ఎముక మెత్తగానే ఉండిపోయి, బరువు పడినచోటల్లా వంగుతుంది.

వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళు. వీధి చివరాయన దగ్గరికి కాదు. మణికట్టు ఎక్స్‌రే, రక్తపరీక్ష అడుగు. ఇంకొకటి. పిచ్చుక ఎండలో ఎంతసేపు ఉంటుంది? నిజం రాయి, అమ్మ దిద్దిన నిజం కాదు.

అమ్మడు


మూడో అంతస్తు, వెనక వాటా

అమ్మడూ,

నీ అనుమానమే నిజమైంది. డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించింది. ఎముక చివర నున్నగా ఉండాల్సిన చోట గుడ్డ చిరిగి పోగులు లేచినట్టు ఉంది. నాకూ పరీక్ష చేయించింది. నాకూ దాదాపు లేదు. తల్లిపాలలో డి విటమిన్ ఎప్పుడూ తక్కువే, తల్లికే లేకపోతే ఇంకేం వస్తుంది అంది. ఇన్ని నెలలు నా పాలే అమృతమని పట్టాను.

నిజం రాయమన్నావు. రాస్తున్నాను. రోజూ పొద్దున్నే పిచ్చుకని బాల్కనీలో ఎండలో కూర్చోబెడుతున్నామని డాక్టరమ్మతో గొప్పగా చెప్పాను. బాల్కనీకి అద్దాలున్నాయా అని అడిగింది. ఎందుకు లేవు, మీ అన్నయ్యది అద్దాల కొట్టాయె. దుమ్ము రాకుండా, దోమ రాకుండా పిల్ల పుట్టకముందే మూడు వైపులా మూసేశాడు. వెచ్చదనం వస్తుంది, వెలుతురు వస్తుంది, ఒంట్లో డి విటమిన్ పుట్టించే కిరణం మాత్రం గాజు దాటి రాదట. మీ అన్నయ్య అక్కడే ఒంటికాలి మీద లేచాడు. అది మేలురకం గాజు, చుక్కంత మసక కూడా కనబడదు అని. ఎంత మేలురకమైతే అంత బాగా ఆపుతుందేమో అంది ఆవిడ. ఇంటికి వచ్చేదాకా మొహం మాడ్చుకునే ఉన్నాడు. పిల్ల కాళ్ళ గురించి కాదు, గాజు గురించి.

ఇక అసలు సంగతి. నేను దాన్ని కిందికి తీసుకెళ్ళబోయినప్పుడల్లా అత్తయ్య ఆపుతున్నారు. ఎండలో నల్లబడిపోతుంది, ఆడపిల్ల, తర్వాత ఎవరు సమాధానం చెబుతారు అంటారు. టోపీ, పొడుగు చేతుల చొక్కా, మేజోళ్ళు, పైన దుప్పటి. అంత చుట్టాక బయటికి తీసుకెళ్ళి లాభమేమిటని నేనూ మానేశాను. ఇది ముందే నీకు రాయాల్సింది. మీ అమ్మ మీద నీకు చాడీ చెప్పినట్టవుతుందని రాయలేదు.

పిచ్చుకకి రోజూ చుక్కల మందు, కాల్షియం ఇచ్చింది. నాకు వారానికో పొట్లం పొడి.

అన్నట్టు నీ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు?

వదిన


ఆసుపత్రి, నేల కింది అంతస్తు

వదినా,

చాడీ అట. పిల్ల ఎముకలు మెత్తబడుతుంటే చాడీ గురించి ఆలోచించావు. మీ ఇంట్లో మర్యాదలకి ఒక దండం.

అమ్మతో మాట్లాడాను. గోడకు చెప్పినట్టుంది. నల్లగా ఉన్నవాళ్ళకి ఎండ ఇంకా ఎక్కువసేపు కావాలమ్మా, చర్మంలో రంగే ఆ కిరణానికి గొడుగు పడుతుంది అని విడమరిచి చెప్పాను. "నువ్వు తెల్లగా పుట్టావు, నీకేం తెలుసు" అని ఫోన్ పెట్టేసింది. దాని అర్థమేమిటో నాకు బోధపడలేదు.

అన్నయ్యకి చెప్పు, గాజుని ఎవరూ తిట్టడం లేదు. అది చేసే పని అది చేస్తోంది. కానీ ఒక్క పలకైనా తీయమను. మీ వీధిలో ఎదురు మేడలు ఎటూ సగం ఎండ మింగేస్తాయి, మిగిలిన సగానికి మనమే తలుపులు వేసుకుంటే ఎలా? మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పుడు కాసేపు, చర్మం కమలకుండా, కాళ్ళూ చేతులూ బయటపెట్టి కూర్చుంటే చాలు. పొద్దున్నే పొడుగు నీడల వేళ ఎంత కూర్చున్నా వెచ్చదనమే దక్కుతుంది. తిండిలో దొరికేది కొంచెమే. చేపలు, గుడ్డు పచ్చసొన, అంతే. అందుకే పిచ్చుకకి ఇప్పుడు మందే ముఖ్యం. ఎండ తర్వాత తోడు.

ఇక నా పరీక్ష. అడిగావు కాబట్టి చేయించుకున్నాను. నీకంటే నయం, అంతకంటే చెప్పుకోవడానికేమీ లేదు. పొద్దున్నే ఈ నేలమాళిగలోకి దిగుతాను, పొడుగు చేతుల కోటు, ట్యూబులైట్లు, బయటికి వచ్చేసరికి పొద్దు పోతుంది. నడుము నొప్పి రోగుల్ని ఎత్తడం వల్ల అనుకున్నాను. వచ్చిన ప్రతివాళ్ళకీ ఎండలోకి వెళ్ళండని నేనే చెబుతుంటాను. నవ్వుకో. అన్నయ్యకి మాత్రం చెప్పకు.

అమ్మడు


మూడో అంతస్తు, వెనక వాటా
ఎండలు ముదిరాయి

అమ్మడూ,

చెప్పేశాను. మనసారా నవ్వాడు. ఆ ఊపులోనే బాల్కనీకి ఒకవైపు పలక తీశాడు, కాబట్టి నీ పరువు ఊరికే పోలేదు.

ఒక వింత చూడు. మొన్నటిదాకా మా మాట చెవిన వేసుకోని అత్తయ్య ఇప్పుడు మందు వేళకి గడియారం ముందు నిలబడుతున్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కాస్త కటువుగానే అడిగింది, పిల్లని చీకట్లో పెట్టి పెంచుతున్నారా అని. ఆ రోజు నుంచీ పిచ్చుకకి పాలు తనే కలుపుతున్నారు, తనే పడుతున్నారు. నన్ను దగ్గరికి రానివ్వరు. ఆలస్యమైన ప్రూఫులు చాలా ఉన్నాయి, సరేనన్నాను.

పిచ్చుక మధ్యలో హుషారుగా ఉండేది, కుర్చీ పట్టుకుని లేవబోయింది కూడా. ఈ వారం మళ్ళీ డీలాపడింది. తిన్నది కక్కేస్తోంది. ఒకటే దాహం, ఒకటే తడపడం. విరేచనం కావడం లేదు. ఎండదెబ్బేనంటూ మీ అన్నయ్య మళ్ళీ పలక బిగించేశాడు. ఇదిగో ఇలా ఉంది, ఒక అడుగు ముందుకి వేస్తే ఇంట్లో ఎవరో ఒకరు వెనక్కి లాగుతారు.

రేపు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను.

వదిన


ఆసుపత్రి క్వార్టర్స్, మెట్ల పక్క గది

వదినా,

నీ ఉత్తరమూ అన్నయ్య ఫోనూ ఒకేరోజు వచ్చాయి. పిచ్చుకని ఆసుపత్రిలో చేర్చారని, రక్తంలో కాల్షియం హద్దు దాటిందని, నువ్వు నీ పొట్లాల పొడి పొరబాటున దాని పాలలో కలిపావని చెప్పాడు. ఒకసారి కాదట, ఎన్నోసార్లట.

ఇది ఎలా జరుగుతుంది? పెద్దవాళ్ళు వారానికి ఒకసారి వేసుకునేదాన్ని చంటిపిల్లకి రోజూ పోస్తారా? అచ్చులో ఒక సున్నా ఎక్కువైతే కనిపెట్టేదానివి, పొట్లం మీద అక్షరాలు కనబడలేదా? ఈ విటమిన్ నీళ్ళలా బయటికి పోదు వదినా. కొవ్వులో చేరి నెలల తరబడి కూర్చుంటుంది. కాల్షియాన్ని రక్తంలోకి లాగుతూనే ఉంటుంది. మూత్రపిండాలు పాడవుతాయి. ఇది విటమిన్ కదా ఏం చేస్తుందిలే అనుకునేవాళ్ళని రోజూ చూస్తుంటాను, వాళ్ళలో నువ్వొకదానివని అనుకోలేదు. అమ్మ చాదస్తాన్ని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను, కనీసం ఆవిడ పిల్లకి విషం పొయ్యలేదు.

శనివారం బస్సెక్కుతున్నాను.

అమ్మడు


పిల్లల వార్డు, కిటికీ పక్క మంచం

అమ్మడూ,

నీ ఉత్తరం మీ అన్నయ్య ఇక్కడికి తెచ్చి ఇచ్చాడు. చదివాను.

సెలైన్ ఎక్కిస్తున్నారు. చుక్కలు, కాల్షియం అన్నీ ఆపేశారు. దాని చెయ్యి కదలకుండా చెక్కకి కట్టారు, రెండో చేత్తో నా జడ పట్టుకుని పడుకుంది. కాల్షియం కొంచెం దిగిందట. మూత్రపిండాలకి స్కాన్ తీస్తారు.

ఎవరిది తప్పో తేల్చే ఓపిక నాకిప్పుడు లేదు. వచ్చేటప్పుడు దానికి రెండు మెత్తటి చొక్కాలు తీసుకురా.

వదిన


ఆసుపత్రి క్వార్టర్స్, మెట్ల పక్క గది

వదినా,

స్కాన్ బాగుందని అన్నయ్య ఫోన్ చేశాడు. ఆ మాట విన్నాకే కలం పట్టుకున్నాను.

అక్కడున్న రెండు రోజులూ నీతో ముభావంగా ఉన్నాను. నువ్వు ఒక్క మాట అనలేదు. బయలుదేరే రోజు నువ్వు వార్డులో ఉన్నావు, నేను ఇంట్లో సంచి సర్దుకుంటున్నాను. అమ్మ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది, కడిగినవే మళ్ళీ కడుగుతోంది. వదిన ఇంత చదువుకుని ఇలా చేసిందేమిటి అని నేను మొదలుపెట్టాను. అమ్మ కుళాయి కట్టేసింది.

"మీ వదిన చెయ్యలేదు. నేను చేశాను" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. నీ పొట్లాలు తీసిందట, అయిపోతే మందుల కొట్లో కొనుక్కుందట. "ఆ చుక్కలు నీళ్ళలా ఉన్నాయి. ఈ పొడి గట్టిగా కనబడింది. దాని కాళ్ళు నావల్ల వంగాయి, నేనే తొందరగా నిలబెట్టాలనుకున్నాను" అంది.

డాక్టరు అందరినీ ఎదురుగా పెట్టి ఎవరేం ఇచ్చారని అడిగినప్పుడు తను పిల్ల బట్టలు పట్టుకుని వెనక నిలబడిందట. నువ్వు తన మొహం చూసి, నడవాలోకి తీసుకెళ్ళి, ఏ మందు, ఎన్నాళ్ళుగా అని మెల్లగా అడిగావట. లోపలికి వెళ్ళి లెక్కంతా సరిగ్గా చెప్పి, చేసింది మాత్రం నేనే అన్నావట. అన్నయ్య అందరి ముందూ నిన్ను కేకలేస్తుంటే అమ్మ ఆ బట్టలే మడతపెడుతూ నిలబడిందట.

మొదట ఎండ తగలనివ్వలేదు, తర్వాత మందు ముంచేశావు, ఆపైన కోడలిని తిట్లు తిననిచ్చావు, నువ్వసలు మనిషివేనా అని అడగబోయాను. అడగలేకపోయాను. అమ్మ స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ మాట్లాడింది.

"బళ్ళో నన్ను కాకి అనేవాళ్ళు. మాష్టారు కూడా. నా పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మీ నాన్న వాళ్ళింటికి వచ్చాక ఫొటో తీసినప్పుడల్లా నన్ను వెనక వరసలో నిలబెట్టేవాళ్ళు. నువ్వు పుట్టినప్పుడు తెల్లగా ఉన్నావని ఏడ్చాను, సంతోషంతో. ఇది పుట్టినప్పుడు చూశాను, నాలాగే ఉంది. ఇంకాస్త కూడా నల్లబడనివ్వకూడదనుకున్నాను. అంతేనే."

ఇన్నేళ్ళలో ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు వదినా. మన ఇంటి ఫొటోల్లో అమ్మ ఎక్కడుందో గుర్తు తెచ్చుకున్నాను. నిజమే, ఎప్పుడూ ఎవరో ఒకరి భుజం వెనకే ఉంటుంది.

అన్నయ్యని పిలిచి ఇప్పుడే చెప్పమన్నాను. చెప్పింది. వాడు చెప్పులేసుకుని నీ దగ్గరికి బయలుదేరాడు. అక్కడ నీతో ఏమన్నాడో నాకు తెలియదు. ఏమన్నా తక్కువే.

నేను రాసిన ఉత్తరం చించెయ్యి. చించినా నేను రాశానన్నది పోదు, తెలుసు. విషం అన్నమాట నీ మీద వేశాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను. ఒక్కటి మాత్రం నిష్ఠూరంగానే అడుగుతాను. ఆ నింద నువ్వెందుకు మోశావు? నీకు ఆవిడ మీద కోపం లేదా?

అమ్మడు


మూడో అంతస్తు, వెనక వాటా
వానలు వెనకబడ్డాయి

అమ్మడూ,

కోపం లేకపోవడమేమిటి? కుతకుత ఉడికిపోయాను. ఆ నడవాలో ఆవిడ ఎన్నాళ్ళుగా పోస్తున్నారో చెబుతుంటే నా చెయ్యి గోడకి ఆనించుకున్నాను, ఎత్తుతానేమోనని. కానీ మీ అన్నయ్య అప్పటికే ఊగిపోతున్నాడు. నన్ను తిడితే నేను తిరిగి తిట్టగలను, ఇవాళ కాకపోతే రేపు. ఆవిడ ఆ రోజు తిట్లు తింటే మళ్ళీ పిల్లని ముట్టుకోరు. పిచ్చుకకి ఆవిడ కావాలి. నాకూ కావాలి, ప్రూఫులు ఎవరు దిద్దుతారు? ఇందులో గొప్పతనమేమీ లేదు, నువ్వు మళ్ళీ నన్ను ఆకాశానికి ఎత్తి విసిగించకు. నీ ఉత్తరం చింపాను. మర్నాడు మళ్ళీ గుర్తొచ్చి ఏడ్చాను. ఇప్పుడు అయిపోయింది.

మీ అన్నయ్య వార్డుకి వచ్చి ఏమన్నాడని అడగలేదు గానీ అడిగినట్టే ఉంది. ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, పిల్ల కాళ్ళు ఒళ్ళో పెట్టుకున్నాడు. నన్ను ఇంటికి వెళ్ళి పడుకోమన్నాడు. క్షమించమనడం అతనికి చేతకాదు. మర్నాడు బాల్కనీ అద్దాలన్నీ పీకించేశాడు. ఇప్పుడు దుమ్మూ వస్తుంది, పావురాలూ వస్తాయి, వాన పడితే ప్రూఫులు తడుస్తాయి. మళ్ళీ నాకే చాకిరీ.

కాల్షియం మామూలుకి రావడానికి చాలాకాలం పట్టింది, నువ్వు చెప్పినట్టే. ఇప్పుడు డాక్టరమ్మ రాసినంతే, ఆవిడ చెప్పినప్పుడే, నేనే పడుతున్నాను. ఎండ సంగతి అడిగాను, అదీ ఎక్కువైతే ఇలాగే అవుతుందా అని. అవదట. చాలినంత తయారయ్యాక చర్మమే ఆపేస్తుందట. పొట్లానికి ఆ తెలివి లేదు అంది.

కొత్త ఎక్స్‌రేలో ఎముక అంచు నున్నగా కనబడుతోంది. కాళ్ళు పెరిగేకొద్దీ వాటంతటవే సర్దుకోవచ్చట, కట్లూ కోతలూ అవసరం ఉండకపోవచ్చట.

ఇక నిన్నటి గోల విను. పిచ్చుక నడుస్తోంది. నడుస్తోందంటే ముచ్చటగా రెండడుగులు కాదు. దానికి ఇన్నాళ్ళ బాకీ ఉన్నట్టుంది, ఒక్కచోట నిలబడదు. నేను ఫోన్‌లో ముద్రాపకుడితో పోట్లాడుతున్నాను, మీ అన్నయ్య కొట్లో ఉన్నాడు. అది అత్తయ్య వేలు పట్టుకుని మెట్లు దిగి, కింద గేటు దగ్గర వేలు వదిలించుకుని వీధిలోకి పోయింది. అత్తయ్య చెప్పులు కూడా లేకుండా వెనకాల పరుగు. నేను పైనుంచి చూసి ఫోన్ పడేసి కిందికి ఉరికాను.

వెళ్ళేసరికి ఇద్దరూ వీధి మలుపు అరుగు మీద ఉన్నారు. నడినెత్తిన ఎండ. టోపీ లేదు, చొక్కా లేదు, లాగు ఒక్కటే. కింద వాటా పంతులమ్మ గారు గొడుగు వేసుకుని అటే వస్తూ ఆగారు. "అయ్యో, ఇంత ఎండలోనా? పిల్ల నల్లగా అయిపోదూ?" అన్నారు.

అత్తయ్య పిల్లని ఒళ్ళోకి లాక్కోలేదు, కొంగు కప్పలేదు.

"నాలాగే ఉంటుంది. ఉండనివ్వండి" అన్నారు.

వదిన